గృహవ్యవహారములు: పింఛను కాగితములు, పన్ను లెక్కలు



పోయిన మాసమున ఇంటి పద్దుపుస్తకమును గూర్చి వ్రాసితిమి. దానిఁ జదివిన సోదరీమణులు కొందఱు, "నెలజీతము వచ్చుచున్నంతకాలము పద్దు వ్రాయుట సులభమే. వచ్చే యేఁడు మా యింటివారు ఉద్యోగము విరమింపనున్నారు. అటుపిమ్మట రాఁబడి యెంత? పన్ను కట్టవలెనా? మేము ఏయే కాగితములపై సంతకము చేయవలెను?" అని యడుగుచున్నారు. ఈ ప్రశ్నలు మిక్కిలి యుచితమైనవి. కావున ఈ మాసము పింఛను కాగితములను గూర్చియు, ఆదాయపు పన్ను ధ్రువీకరణములను గూర్చియు విన్నవించెదము. మాది బడిపంతుళ్ల కుటుంబము గావున తెలంగాణ ఉపాధ్యాయుల పింఛనునే యుదాహరణముగాఁ గైకొంటిమి. తక్కిన ప్రభుత్వోద్యోగుల గృహములకును ఇందుఁ జాలభాగము వర్తించును.

"పింఛను మగవారి వ్యవహారము, మనకేల?" అని యనుకొను వారు మనలో నెందఱో కలరు. ఆ తలంపు సరికాదు. పింఛను చెల్లింపు ఉత్తర్వులో భర్త పేరుతోఁ బాటు భార్య పేరును ఉండును. భర్త జీవించియున్నంతకాలము ఆ పేరుతో నెవ్వరికిని పనియుండదు. ఆయన గతించిన నాఁడు మాత్రము ఆ యొక్క పేరే యామె యన్నవస్త్రములకు ఆధారము. అట్టి కాగితమును చదువకయే, వ్రేలితోఁ జూపిన చోట సంతకము చేసి వంటయింటిలోనికిఁ బోవుట ఇల్లాలికిఁ దగునా?

పెద్దల మాట

పింఛననునది దొరలు తెచ్చిన యాచారమని కొంద ఱందురు. శుక్రనీతిసారమునఁ జూచినచో, నలువది యేండ్లు రాజును సేవించిన భృత్యునకు అటుపై సేవ లేకయే జీవితాంతము సగము వేతన మీయవలెననియు, అతని యనంతరము అందు సగము కుమారునకు, లేనిచో భార్యకును గన్యలకును జెల్లవలెననియు విధి కనఁబడును. మహాభారతమున సభాపర్వములో నారదుఁడు ధర్మరాజును కుశలప్రశ్నలు వేయుచు, నీకొఱకుఁ బ్రాణములు విడిచిన వారి భార్యలను పోషించుచున్నావా యని యడుగును. రాజ్యము మేలుగా నడచుచున్నదో లేదో తెలిసికొనుటకు ఆ మహర్షి యెంచుకొన్న గుఱుతులలో నిదియు నొకటి.

మన కాలమున ఈ ధర్మమునకు న్యాయస్థానపు ముద్రయుఁ బడినది. 1982 డిసెంబరు 17వ తేదీన సుప్రీముకోర్టు నకారా వ్యాజ్యెములోఁ దీర్పు చెప్పుచు, పింఛను ప్రభువుల దయాదానము కాదనియు, చేసిన సేవకుఁ గలిగిన హక్కనియు నిర్ణయించెను. అందుచేతనే పింఛనుదారులు డిసెంబరు 17ను తమ దినముగా జరుపుకొందురు. కావున కార్యాలయములకుఁ బోవునప్పుడు యాచకులవలె నడుగ నక్కఱలేదు. వినయము వలయును, బెదరు వలదు.

ఎవరి కేది?

ముందుగాఁ దెలిసికొనవలసినది ఉద్యోగములోఁ జేరిన తేది. 2004 సెప్టెంబరు 1వ తేదీకి ముందు చేరిన వారికిఁ బాత పింఛను విధానము వర్తించును. ఆ తేదీ మొదలు చేరిన వారికి భాగస్వామ్య పింఛను, అనఁగా సి.పి.ఎస్. వర్తించును. ఒకే యింట రెండును ఉండవచ్చును. మా యింటి సంగతియే చెప్పెదము. మా మామగారు పాతవిధానమున 2024లో విరమించిన యుపాధ్యాయులు. మా పంతులుగారు పిన్నవారగుటచే సి.పి.ఎస్.లో నున్నారు. ఒకే బల్లపై తండ్రి కాగితములును, కొడుకు కాగితములును సరిచూచితిమి గావున రెంటి భేదమును మాకు బాగుగఁ దెలిసినది.

సి.పి.ఎస్. కుటుంబములలోని సోదరీమణులు మూఁడు సంగతులను మఱవరాదు. మొదటిది, ప్రాన్ అను ఖాతాసంఖ్య. దానిని వ్రాసి యుంచుకొనుఁడు. రెండవది, ఆ ఖాతాలో నామినీగా నెవరి పేరున్నది? పెండ్లికి ముందు చేరిన వారు తల్లి పేరో తండ్రి పేరో వ్రాసి, పిమ్మట మార్చకుండుట కలదు. మూఁడవది, విరమణకాలమున కూడిన సొమ్ములో నూటికి 40 పాళ్లకుఁ దగ్గకుండ నెలనెలా వచ్చు యాన్యుటీ కొనుటకుఁ బోవును. మిగిలినది చేతికి వచ్చును. ఉద్యోగములో నుండఁగానే మరణించిన సి.పి.ఎస్. ఉద్యోగుల కుటుంబములకుఁ గుటుంబపింఛను వచ్చునట్లు తెలంగాణ ప్రభుత్వము 2021లో నుత్తర్వు చేసినది. ఈ సంగతి యెఱుఁగక యూరకుండు వితంతువు లుండరాదు.

సర్వీసు బుక్కు

పాతవిధానమున పింఛనుకు మూలము సర్వీసు బుక్కు. చేరిన దినము మొదలు విరమించు దినము వఱకు బదిలీలు, సెలవులు, జీతపు హెచ్చులు అన్నియు నందు వ్రాసి, యేఁటేఁట సేవ సరిచూచినట్లు అధికారి సంతకము చేయవలెను. ఒక్క యేఁటి సంతకము లేకున్నను పింఛను మంజూరు చేయువారు కాగితములను వెనుకకుఁ బంపుదురు.

మా ఖమ్మము ప్రాంతమున దీనికొక విశేష కారణము గలదు. ఈ సీమలోని పంతుళ్లు పలువురు తమ సేవలోఁ గొంతకాలము భద్రాచలము ఏజెన్సీ బడులలోఁ బనిచేసినవారు. 2014లో రాష్ట్రము విడిపోయినప్పుడు, పోలవరము నిర్మాణము నిమిత్తమై చింతూరు, కూనవరము, వరరామచంద్రపురము, కుక్కునూరు, వేలేరుపాడు మండలములును, మఱి రెండింటి భాగములును ఆంధ్రప్రదేశములోఁ జేరినవి. బడి యక్కడనే యున్నది. అడవియు నక్కడనే యున్నది. రాష్ట్రము మాత్రము మాఱినది. ఆ మండలములలో నెప్పుడో 1990 ప్రాంతమునఁ బనిచేసిన కాలమునకు సంతకము లేదని 2024లోఁ దెలిసినచో, దానిని వెదకుట యెంత శ్రమయో యోచింపుఁడు. మా మామగారి పుస్తకమును ఒకటిన్నర యేఁడు ముందుగనే పుటపుటయుఁ జూచితిమి గావున ఆ శ్రమ తప్పినది. మీ యిండ్లలోను విరమణకు రెండేండ్ల ముందే ఆ పుస్తకమును మొదటినుండి కడవఱకుఁ జూడుఁడు.

మన పేరు, మన పుట్టినతేది

కాగితములలో ఇల్లాలికి స్వయముగా సంబంధించినది ఈ భాగమే. పింఛను దరఖాస్తుతోఁ బాటు కుటుంబసభ్యుల వివరములు, దంపతుల జంట ఛాయాచిత్రము, గుర్తింపు పుట్టుమచ్చలు, నమూనా సంతకములు, గ్రాట్యుటీకి నామినేషను ఇయ్యవలెను.

ఇక్కడనే చిక్కు గలదు. మనకుఁ బుట్టినింట నొక పేరు, అత్తవారింట నొక పేరు. బడి రిజిస్టరులో నొక యింటిపేరు, ఆధారు కార్డులో వేఱొకటి. మే మెఱిఁగిన యొక గృహిణికి సర్వీసు బుక్కులో "లక్ష్మి" యనియు, ఆధారులో పుట్టినింటి పేరుతో "వెంకటలక్ష్మి" యనియు నున్నది. భర్త యుండఁగా నెవ్వరును దానిని గమనింపలేదు. ఆయన గతించిన పిమ్మట ఇద్దరును ఒక్కరే యని నిరూపించుటకుఁ బది మాసములు పట్టినది. ఆ పది మాసములు ఆమెకుఁ గుటుంబపింఛను లేదు. మనుమనికిఁ బాలు కొనుటకుఁ గూడ కోడలిని అడుగవలసివచ్చెనని యామె చెప్పినప్పుడు మాకు మిక్కిలి ఖేదము కలిగినది. ముప్పదియైదేండ్లు ఒక యుపాధ్యాయుని గృహమును నడపిన యామెకు అట్టి దుఃఖము వచ్చుటకుఁ గారణము రెండక్షరముల తేడా!

కావున సర్వీసు బుక్కులోను, ఆధారులోను, పాన్ కార్డులోను, బ్యాంకు పుస్తకములోను మీ పేరు ఒక్కతీరున నున్నదా చూచుకొనుఁడు. లేకున్నచో, భర్త యుద్యోగములో నుండఁగనే, కార్యాలయాధిపతి ద్వారా దరఖాస్తు పెట్టించి సరిచేయించుకొనుఁడు. నోటరీ యెదుట ప్రమాణపత్రము, అడిగినచో రెవిన్యూ అధికారుల ధ్రువపత్రము దీనికిఁ దోడ్పడును.

పుట్టినతేదియు నట్టిదే. డెబ్బది యేండ్లు నిండిన పింఛనుదారులకుఁ దెలంగాణలో అదనపు పింఛను కలదు; కుటుంబపింఛను పొందు స్త్రీలకును నది కలదు. ఉత్తర్వులో భార్య పుట్టినతేది లేకున్నచో, ఆమెకు డెబ్బదియేండ్లు నిండిన సంగతి ట్రెజరీవారి కెట్లు తెలియును? ఇంట నంగవైకల్యము గల బిడ్డ యున్నచో ఆ బిడ్డ పేరును, వైద్యుల ధ్రువపత్రమును కుటుంబ వివరములలోఁ దప్పక చేర్పింపుఁడు. తల్లిదండ్రుల తరువాత ఆ బిడ్డకు దిక్కు ఆ పంక్తియే.

మూఁడు ఉత్తర్వులు

ప్రభుత్వ పాఠశాలల యుపాధ్యాయుల కాగితములు హైదరాబాదులోని అకౌంటెంట్ జనరల్ కార్యాలయమునకుఁ బోవును. మండలపరిషత్తు, జిల్లాపరిషత్తు పాఠశాలల వారివి స్టేట్ ఆడిట్ శాఖకుఁ బోవును. అక్కడినుండి మూఁడు ఉత్తర్వులు వచ్చును. పి.పి.ఓ. యనునది నెలనెలా పింఛనుకు, జి.పి.ఓ. గ్రాట్యుటీకి; సి.పి.ఓ. పింఛనులో విక్రయించిన భాగమునకు, అనఁగా కమ్యుటేషనుకు. ఇవి పింఛను తీసికొను ట్రెజరీకిని చేరును. మా యెర్రుపాలెపు వారికి మధిర సబ్‌ట్రెజరీ దగ్గఱ. ఇవి గాక ప్రావిడెంటు ఫండు, నిలువయున్న సంపాదిత సెలవుల సొమ్ము, ప్రభుత్వ జీవితబీమా సొమ్ము వేర్వేఱుగ వచ్చును. ఈ ప్రభుత్వ జీవితబీమా శాఖ నిజాము ప్రభుత్వము 1907లో స్థాపించినది.

ఉదాహరణము నొకదానిఁ జూతము. కడపటి మూలవేతనము 80,000 రూపాయలు, అర్హమైన సేవ 33 యేండ్లు అనుకొనుఁడు. సేవను అర్ధసంవత్సరములుగా లెక్కించి, 132తో భాగింపవలెను. 33 యేండ్లనఁగా 66 అర్ధసంవత్సరములు. 132లో 66 సగము. కావున పింఛను 40,000. సేవ తక్కువైనచో ఆ నిష్పత్తిని పింఛనును తగ్గును. పదియేండ్ల సేవయైనను లేనివారికి నెలపింఛను లేదు.

ఇందు నూటికి 40 పాళ్లవఱకు, అనఁగా 16,000, కమ్యూట్ చేసి, దాని విలువను వయస్సు ననుసరించు పట్టిక ప్రకారము ఒక్కమాఱుగఁ దీసికొనవచ్చును. అప్పుడు నెలకు 24,000 వచ్చును. పదునైదేండ్లు గడచిన పిమ్మట ఆ 16,000 మరలఁ గలియును. కరువుభృతి మాత్రము తగ్గిన 24,000పైఁ గాక, పూర్తి 40,000పైనే లెక్కింపఁబడును. కరువుభృతి నూటికి 20 అనుకొన్నచో 8,000. మొత్తము చేతికి 32,000.

గ్రాట్యుటీకి మూలవేతనమును, కరువుభత్యమును గూడి, ఒక్కొక్క అర్ధసంవత్సరమునకు నాలవవంతు కట్టుదురు. 66 అర్ధసంవత్సరములకు పదునాఱున్నర రెట్లగును. 96,000కు పదునాఱున్నర రెట్లు 15,84,000. దీని హద్దును 2021 ఉత్తర్వులు 16 లక్షలుగా నిర్ణయించినవి.

సొమ్ము చేతికి రాకముందు

ఇక్కడ నొక్క హితవు. తెలంగాణలో విరమణవయస్సును 2021 మార్చిలో 58 నుండి 61కిఁ బెంచిరి. అందుచే మూఁడేండ్లు విరమణలు లేవు. 2024 మార్చి మొదలు మరల నారంభమై, ఒక్కుమ్మడిగ వేలకొలఁది కాగితములు చేరినవి. 2024, 2025 సంవత్సరములలో విరమించిన వారు పలువురు గ్రాట్యుటీ మొదలగు సొమ్ములకై నెలలకొలఁది యెదురుచూచుట లోకవిదితమే. కావున రాఁబోవు గ్రాట్యుటీని నమ్మి పిల్ల పెండ్లికి ముహూర్తము పెట్టుకొనుటయు, ఇంటిపై అంతస్తునకు వడ్డీకిఁ దెచ్చుటయుఁ గూడదు. ఉత్తర్వు వచ్చుట వేఱు. సొమ్ము ఖాతాలోఁ బడుట వేఱు. విరమణకు ముందే ఆఱునెలల యింటి ఖర్చునకు సరిపడు సొమ్మును వేఱుగ నుంచుకొనుట ఇల్లాలి నేర్పు.

సొమ్ము వచ్చిన తరువాతనో, బంధువు లందఱును ఒక్కమాఱు మనయింటి దారి నెఱుఁగుదురు. నోరు మంచిదైనచో ఊరు మంచిదగుననుట నిజమే కాని, మంచిమాటతోనే "ఇప్పుడు కాదు" అనుటయు నేర్వవలెను. అఱువది దాఁటిన వారికొఱకుఁ దపాలా కార్యాలయములందును, బ్యాంకులందును సీనియర్ సిటిజన్ల పొదుపు పథకము గలదు. ఐదేండ్ల గడువు, మూఁడు నెలల కొకమాఱు వడ్డీ. 2023 ఏప్రిలు నుండి ఒక్కరు 30 లక్షల వఱకు నుంచుకొనవచ్చును. 2025లో దాని వడ్డీ నూటికి 8.2. ఇరువది లక్ష లుంచినచో మూఁడు నెలలకు 41,000 వచ్చును.

పన్ను దేనికి? దేనికి కాదు?

మొదట భయము తీర్చెదము. ప్రభుత్వోద్యోగికి విరమణకాలమున వచ్చు గ్రాట్యుటీ, కమ్యుటేషను సొమ్ము, సంపాదిత సెలవుల సొమ్ము, ప్రావిడెంటు ఫండు, వీనిపైఁ బన్ను లేదు. నెలనెలా వచ్చు పింఛను మాత్రము జీతమువలెనే పన్ను లెక్కలోఁ జేరును. ఆ పెద్దసొమ్మును దాఁచఁగా వచ్చు వడ్డీయుఁ జేరును. మూలధనమునకుఁ బన్ను లేదని వడ్డీకిఁ గూడ లేదనుకొనుట పలువురి పొరపాటు.

పై యుదాహరణమునే తీసికొందము. నెలకు 32,000 చొప్పున పింఛను ఏఁటికి 3,84,000. వడ్డీ 1,64,000. రెండును గలిపి 5,48,000. క్రొత్త పన్నువిధానమున పింఛనుదారునకు 75,000 రూపాయలు ప్రామాణిక మినహాయింపు. మిగిలినది 4,73,000. 2025-26 ఆర్థికసంవత్సరమున నాలుగు లక్షలవఱకుఁ బన్ను లేదు. పైనున్న 73,000కు నూటికి 5 చొప్పున 3,650 అగును. కాని పన్ను లెక్కకు వచ్చు ఆదాయము 12 లక్షలు మించని వారికి ఆ పన్నును రిబేటుగాఁ దీసివేయుదురు. కావున కట్టవలసినది సున్న.

"సున్న యైనచో రిటర్ను వేయనక్కఱలేదు గదా" యనవచ్చును. అట్లు కాదు. పన్ను లేకపోవుట వేఱు. రిటర్ను వేయవలసియుండుట వేఱు. ఆదాయము నాలుగు లక్షలు దాఁటినది గనుక రిటర్ను వేయవలసినదే. దానికి సాధారణముగా గడువు జూలై 31.

విరమించిన సంవత్సరమున మఱియొక చిక్కు. కొన్ని నెలలు జీతము, కొన్ని నెలలు పింఛను. జీతమునకు పాఠశాలవారి ఫారము-16 ఒకటి. పింఛనుకు ట్రెజరీవారి దొకటి. ఇరువురును వేర్వేఱుగ 75,000 తగ్గించియుందురు. ఏఁటికిఁ దగ్గవలసినది ఒక్కమాఱే. రెండు కాగితములనుఁ గలిపి చూడక రిటర్ను వేసినచో, ఏఁడాది పిదప నోటీసు వచ్చును. ఆలస్యమైన పింఛను బకాయిలు ఒక్కమాఱుగ వచ్చి యాదాయము పొంగినచో, ఆ బకాయిలు ఏయే సంవత్సరములవో చూపి యుపశమనము కోరుటకును చట్టమున వీలు గలదు. దానికి వేఱుగ నొక ఫారము వేయవలెను.

పాతవిధానము, క్రొత్తవిధానము అని రెండు గలవు. 2023-24 నుండి, ఏమియుఁ జెప్పకున్నచో క్రొత్తదియే వర్తించును. ఇంటిఋణము, ఆరోగ్యబీమా, పొదుపులు మొదలగు మినహాయింపు లెక్కువగ నున్నవారు రెంటిని లెక్కకట్టి చూచి, ఏది మేలో ట్రెజరీకిఁ దెలుపవలెను. సామాన్యమైన ఉపాధ్యాయ పింఛనుకుఁ బెక్కుచోట్ల క్రొత్తదియే చాలును.

బ్యాంకు కిచ్చు ధ్రువీకరణము

వడ్డీ యేఁటికి లక్ష రూపాయలు దాఁటినచో, 2025 ఏప్రిలు నుండి, అఱువది నిండినవారి వడ్డీలో నూటికిఁ బది చొప్పున బ్యాంకువారు పన్నుగాఁ బట్టుకొందురు. పై లెక్కలో 1,64,000కు 16,400 పోవును. అది మరల రావలెనన్న రిటర్ను వేసి యెదురుచూడవలెను. మొత్తము పన్ను సున్నయగునని తెలిసినవారు, ఆ సంగతిని ముందే వ్రాతమూలముగ ధ్రువీకరించి యిచ్చినచో బ్యాంకువారు పట్టుకొనరు. 1961 చట్టమున అఱువది నిండినవారికి దీని పేరు 15-హెచ్, తక్కినవారికి 15-జి. 2025లోఁ జేసిన క్రొత్త ఆదాయపు పన్ను చట్టము 2026 ఏప్రిలు 1 నుండి అమలగునది. దానితో సెక్షనుల సంఖ్యలును మాఱును. అందుచే సంఖ్యనుఁ గంఠస్థము చేయక, "వడ్డీలోఁ బన్ను పట్టుకొనకుండ నిచ్చు ధ్రువీకరణము" అని పనిపేరు చెప్పి యడుగుఁడు.

దీనిని ఏఁటేఁట, ఏప్రిలు నెలలోనే యీయవలెను. రెండు బ్యాంకులలో సొమ్మున్నచో రెండుచోట్ల నీయవలెను. పాన్ కార్డు ఆధారుతో ముడిపడి యుండవలెను. లేనిచో పట్టుబడి యెక్కువగును. మఱియు నిది ప్రమాణము వంటిది. పన్ను పడునని తెలిసియు సున్న యని సంతకము చేయుట అసత్యము. చట్టమున శిక్షయుఁ గలదు.

ఇల్లాండ్ర కిచ్చట నొక ముఖ్యవిషయము. "నీ పేరున వేసినచోఁ బన్ను తప్పును" అని భర్త తన గ్రాట్యుటీని భార్యపేర డిపాజిటు చేయుట కలదు. సొమ్ము భార్యపేర నుండుట మంచిదే, ఆమెకు ధైర్యము. కాని భర్త యూరక యిచ్చిన సొమ్ముపై వచ్చు వడ్డీని పన్నులెక్కలో భర్త యాదాయముననే చేర్తురు. భార్య తన పేర ధ్రువీకరణ మిచ్చినంత మాత్రమున లెక్క మాఱదు. పుట్టినింటివారు పెట్టిన సొమ్ము, తన కష్టార్జితము మాత్రము ఆమెదే. ఈ రెండు సొమ్ములను వేర్వేఱు ఖాతాలలో నుంచుకొనుట యుత్తమము.

ఆయన లేని నాఁడు

ఈ మాట వ్రాయుటకుఁ జేయి వెనుకాడును. అయినను వ్రాయకున్నచో ఈ వ్యాసమునకుఁ బ్రయోజనము లేదు. కుటుంబపింఛను సాధారణముగాఁ గడపటి వేతనములో నూటికి 30 పాళ్లు. 80,000కు 24,000, దానిపైఁ గరువుభృతి. మొదటి కొన్ని యేండ్లకు హెచ్చుమొత్తమును నియమములు కల్పించును. ఆ తేదులు పి.పి.ఓ.లోనే యుండును. భర్త కమ్యుటేషను తీసికొనియున్నను, దానివలన భార్య పింఛను తగ్గదు. ఆ బాకీ యామెపైఁ బడదు. ఎవ్వరేని అట్లు చెప్పి భయపెట్టినచో నమ్మకుఁడు.

చేయవలసిన పని యిది. మరణధ్రువపత్రము, పి.పి.ఓ., మీ ఆధారు, పాన్, మీ యొక్కరి పేరనున్న బ్యాంకుఖాతా వివరము తీసికొని ట్రెజరీలో దరఖాస్తు చేయుఁడు. పి.పి.ఓ.లో మీ పేరు సరిగ నున్నచో క్రొత్త మంజూరు కొఱకు హైదరాబాదునకుఁ బోనక్కఱలేదు. మరణవార్తను వెంటనే తెలుపుఁడు. తెలుపక ముందు ఆయన ఖాతాలోఁ బడిన పింఛనును తీయకుఁడు. అది తిరిగి కట్టవలసిన సొమ్ము.

పన్నులెక్కలోఁ గుటుంబపింఛను జీతముగాఁ గాక, ఇతరాదాయముగాఁ జేరును. దీనికి 75,000 మినహాయింపు లేదు. వచ్చినదానిలో మూఁడవవంతు, లేదా క్రొత్తవిధానమున 25,000, ఈ రెంటిలోఁ దక్కువది తగ్గింతురు. చాలమంది వితంతువులకు ఇంతతోనే పన్ను లేకుండఁ బోవును.

నవంబరు నెల

పింఛనుదారు జీవించియున్నట్లు ఏఁటేఁట నిరూపింపవలెను. తెలంగాణలో నవంబరున నిది మొదలగును. ట్రెజరీకి స్వయముగఁ బోవచ్చును. మీ-సేవ కేంద్రమున వ్రేలిముద్ర వేసి 2014లో నెలకొల్పిన జీవన్ ప్రమాణ్ పత్రము పొందవచ్చును. 2019 నుండి టీ-యాప్ ఫోలియోలో ఇంటనుండియే ముఖము చూపియుఁ జేయవచ్చును. వృద్ధుల వ్రేళ్ల గీతలు అరిగి యంత్రము గుర్తింపకపోవుట సామాన్యము. అట్టివారికి ముఖము చూపు పద్ధతి మేలు. మఱచినచో పింఛను నిలిచిపోవును.

ఈ నెలలలోనే మోసగాండ్రును మేల్కొందురు. "ట్రెజరీనుండి మాటలాడుచున్నాము, మీ పింఛను ఆగినది, ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పుఁడు" అందురు. ఏ ట్రెజరీయు, ఏ బ్యాంకును ఓటీపీ యడుగదు. ఆ మాట వినఁగనే ఫోను పెట్టివేయుఁడు. ఇంటిలోని పెద్దలకు ఈ యొక్క సంగతిని పండుగ తిథివలె మఱల మఱలఁ జెప్పుఁడు.

కడపటి విన్నపము

ఒక సంచిలో పి.పి.ఓ. అసలు, నకళ్లు, జంట ఛాయాచిత్రములు, ఆధారు, పాన్, బ్యాంకుపుస్తకములు, డిపాజిటు రసీదులు, ఫారము-16లు, వేసిన రిటర్నుల నకళ్లు ఉంచుఁడు. లోపల నొక తెల్లకాగితముపై పి.పి.ఓ. సంఖ్య, ట్రెజరీ పేరు, ఖాతాలు, నామినీలు స్పష్టమైన తెలుఁగున వ్రాసి పెట్టుఁడు. ఆ సంచి యెక్కడ నున్నదో భార్యకును, పిల్లలలో నొక్కరికిని తెలియవలెను. మా అత్తయ్యగారు దానిని బియ్యపుడబ్బా ప్రక్కన నుంచిరి. "బియ్యము సంగతి నా కెంత తెలియునో, దీని సంగతియు నంత తెలియవలెను గదమ్మా" అని వారి మాట.

భర్తతో ఈ ప్రసంగ మెత్తుట అమంగళమని సంకోచింపకుఁడు. వానకాలము రాకముందు ఇల్లు నేయించుకొనుట వానను కోరుట కాదు. ఈ ఆదివారము మధ్యాహ్నభోజనమైన పిమ్మట ఇరువురును గూర్చుండి సర్వీసు బుక్కు నకలును, మీ ఆధారు కార్డును ప్రక్కప్రక్కఁ బెట్టి, పేరును, తేదిని మాత్రము పోల్చి చూడుఁడు. అంతటితో నగు పని అల్పము. తప్పు గష్టము అనల్పము.

వచ్చే మాసమున వీలునామా వ్రాయుటను గూర్చియు, నామినీకిని వారసునకును గల భేదమును గూర్చియు ముచ్చటించెదము. ఈ విషయమున సందేహములు గల సోదరీమణులు సంపాదకుల పేరిట వ్రాసినచో, తెలిసినంతవఱకు సమాధానము లిచ్చెదము.